చెమట పట్టని ఒళ్లు, కదలని కడుపు: ఒక కేస్ స్టడీ

విజయవాడ సూర్యారావుపేటలో కానీ గుంటూరు కొత్తపేటలో కానీ ఏ గ్యాస్ట్రో డాక్టరు ఓపీ చూసినా "గ్యాస్ పట్టేసిందండీ" అంటూ వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లలో చాలామందికి ఎసిడిటీయో, అల్సరో, పిత్తాశయంలో రాళ్లో, టెన్షనో తేలుతుంది. కొద్దిమందికి మాత్రం కడుపు లోపలి పొర శుభ్రంగా ఉంటుంది, దాన్ని కదిలించే నరాలు దెబ్బతిని ఉంటాయి. కడుపు ఇలా కదలకుండా పోవడాన్ని గ్యాస్ట్రోపరేసిస్ అంటారు. అలాంటి ఒక కేసు ఇది. జబ్బును పట్టించిన ఆధారాల్లో చాలావరకు ఖర్చు లేని పరీక్షల్లోనే దొరికాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను. పేషెంటు, ఆమె భర్త రాయమని ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

గుంటూరు జిల్లాలో ఒక పల్లె. ఆమె వయసు నలభై లోపు. ఇద్దరు పిల్లలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. పొలం పనులకు వెళ్తుంది, సీజన్‌లో మిరపకాయల తొడిమలు తీసే పనికీ వెళ్తుంది. షుగరు, బీపీ, థైరాయిడ్ లేవు. పొగాకు అలవాటు లేదు. కడుపు మీద ఏ పెద్ద ఆపరేషనూ జరగలేదు.

నా దగ్గరికి వచ్చే ముందు ఏడాది చలికాలంలో ఆమెకు జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చి వారంలో తగ్గాయి. తగ్గిన మూడు నాలుగు వారాలకు రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోవడం మొదలైంది. తర్వాత వికారం, వాంతులు, మలబద్ధకం. మిరప ఘాటు పడలేదని ఇంట్లోవాళ్లు పని మాన్పించారు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సెలైన్లు, తర్వాత టౌన్లో గ్యాస్ మాత్రలు. ఎండోస్కోపీ రెండుసార్లు చేశారు, అల్ట్రాసౌండ్ చేశారు. అన్నీ నార్మల్ అని చెప్పడంతో నరాల బలహీనత అన్నారు, చివరికి డిప్రెషన్ అని ఎమిట్రిప్టిలిన్ 25 మి.గ్రా. రాత్రిపూట వేసుకోమన్నారు.

మే నెలలో మా దగ్గరికి వచ్చేసరికి 54 కేజీల మనిషి 41 కేజీలకు దిగిపోయింది.

వచ్చిన సమస్య

ఏం వాంతి అవుతోందని అడిగాను. "రాత్రి కక్కుకుంటే పొద్దున తిన్న ఇడ్లీ అలాగే వస్తోంది డాక్టరు గారూ, పులుపు కూడా ఎక్కదు" అంది. ఈ ఒక్క మాట చాలా చెప్పింది. ఎసిడిటీ వాంతి పుల్లగా, మంటగా ఉంటుంది. పన్నెండు గంటల నాటి ఇడ్లీ ముక్కలు గుర్తుపట్టేలా వచ్చాయంటే కడుపు దాన్ని నూరనూ లేదు, కిందికి పంపనూ లేదు. అప్పుడు రెండే దారులు: ముందు ఏదో అడ్డం ఉండాలి, లేదా తోసే శక్తి పోయి ఉండాలి.

పాత ఫైలు తిరగేస్తే మొదటి ఎండోస్కోపీ రిపోర్టులో చిన్న లైన్ ఒకటి కనిపించింది: రాత్రంతా ఏమీ తినకపోయినా కడుపులో ఆహారం మిగిలి ఉంది, పూర్తిగా చూడలేకపోయాం, మళ్లీ చేయాలి అని. రెండోసారి ఒక రోజంతా నీళ్లు, మజ్జిగ మీద ఉంచి చేశారు కాబట్టి కడుపు ఖాళీగా, నార్మల్‌గా కనిపించింది. ఆ తర్వాత అందరూ రెండో రిపోర్టే చూశారు. నా ఉద్దేశంలో ఈ జబ్బు సంగతి చెప్పింది మొదటిదే.

ఇంకో సంగతి పరీక్ష చేస్తుండగా తెలిసింది. ఆ రోజు కరెంటు పోయి గదిలో ఫ్యాన్ ఆగింది. నాకు, సిస్టర్‌కు, ఆమె భర్తకు బట్టలు తడిసిపోతున్నాయి. ఆమె నుదుటి మీద చెయ్యి పెడితే కాగితంలా పొడిగా, వేడిగా ఉంది. చెమట పట్టదా అమ్మా అని అడిగితే, సంక్రాంతి నుంచే పట్టడం లేదని, ఎండలోకి వెళ్తే ఒళ్లు కాగిపోతోందని చెప్పింది. అక్కడి నుంచి ప్రశ్నలు మారాయి. నోరు ఆరిపోతోందా? అన్నం నీళ్లు తాగితే గానీ దిగడం లేదు. లేస్తే కళ్లు తిరుగుతున్నాయా? రెండుసార్లు బాత్రూంలో పడిపోయింది. మూత్రం? వెళ్లొచ్చినా ఇంకా ఉన్నట్టే ఉంటుంది. అరికాళ్లు? రాత్రిళ్లు మంటలు. వీటిలో ఒక్కటీ ఆమె తనంతట తాను ఇంతకుముందు ఏ డాక్టరుకూ చెప్పలేదు, కడుపుతో వీటికి సంబంధం ఉంటుందని ఎవరికి మాత్రం తోస్తుంది?

ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూస్తే 116/74, నాడి 78. నిలబెట్టి మూడో నిమిషంలో చూస్తే బీపీ 80/52, నాడి 84. పై బీపీ 20 కానీ కింది బీపీ 10 కానీ పడిపోతే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఇక్కడ పై బీపీ 36 పడింది. అంతకంటే ముఖ్యమైనది నాడి. ఒంట్లో నీళ్లు తగ్గి బీపీ పడితే గుండె పరుగెత్తి సరిచేయాలని చూస్తుంది. ఇక్కడ బీపీ 36 పడితే నాడి పెరిగింది ఆరే. బీపీ ఎంత పడిందో అందులో సగమైనా నాడి పెరగకపోతే లోపం నరాల్లో ఉందని అనుమానించాలి. టార్చి వేస్తే కంటి పాపలు బద్ధకంగా ముడుచుకున్నాయి.

ఆలోచన ఎలా సాగింది

కడుపు, చెమట, లాలాజలం, బీపీ, మూత్రాశయం, కంటి పాప: ఇవన్నీ ఒకేసారి మొండికేస్తే ఒక్కో అవయవానికి ఒక్కో జబ్బు అనుకోవడం కుదరదు. వీటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది అటానమిక్ నరాల వ్యవస్థ, అంటే మన ప్రమేయం లేకుండా లోపలి పనులు నడిపించే నరాలు. ఆ నరాల దారిలో గాంగ్లియాన్లనే కూడళ్లు ఉంటాయి. అక్కడ ఒక నరం ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వదిలితే తర్వాతి నరం మీది రిసెప్టర్ దాన్ని అందుకుంటుంది. ఈ వ్యవస్థలోని రెండు వైపులు, సింపథెటిక్ అయినా పారాసింపథెటిక్ అయినా, ఈ కూడలి దాటాల్సిందే. కాబట్టి దెబ్బ అక్కడ తగిలితే రెండు వైపులా పనులు ఆగిపోతాయి.

కడుపు వరకు చూస్తే, వేగస్ నరం కడుపు పైభాగాన్ని సడలించి భోజనానికి చోటు చేస్తుంది. కింది భాగంలో కజాల్ కణాలనే ప్రత్యేక కణాలు నిమిషానికి సుమారు మూడు అలల లయ ఇస్తాయి. ఆ లయలో ఆహారం నలిగి కడుపు చివర ఉండే పైలోరస్ ద్వారం గుండా కొద్దికొద్దిగా దిగుతుంది. షుగర్ వల్ల, ఆపరేషన్లో వేగస్ తెగడం వల్ల, నల్లమందు జాతి నొప్పి మాత్రల వల్ల, చర్మం బిగుసుకుపోయే స్క్లీరోడెర్మా వల్ల, పార్కిన్సన్స్ వల్ల ఇది చెడుతుంది. కారణం తెలియదని పక్కన పెట్టే కేసులూ చాలానే ఉంటాయి. అలాంటి వాళ్ల కడుపు గోడను పూర్తి మందంతో బయాప్సీ తీసి చూస్తే కజాల్ కణాలు తగ్గిపోవడం, రోగనిరోధక కణాల తీరు మారిపోవడం కొందరిలో కనిపించాయి. అందుకే కారణం తెలియదని రాసే ముందు ఇమ్యూన్ కోణం, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేస్తోందా అన్నది, చూడాలని నేను గట్టిగా అంటాను.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నోరు ఎండిపోవడం, చెమట తగ్గడం, మూత్రం నిలవడం, లేస్తే బీపీ పడటం, కడుపు నెమ్మదించడం: ఇవన్నీ ఎమిట్రిప్టిలిన్ ఒక్కటే తేగలదు. జబ్బేది, మందేది? చీటీలన్నీ తేదీల వరుసలో టేబుల్ మీద పరిచాం. చెమట ఆగింది సంక్రాంతికి, ఆ మాత్ర మొదలైంది మార్చిలో. అది సగం జవాబు. మిగతా సగం కోసం మాత్రను తగ్గించి ఆపేసి, రెండు వారాల తర్వాత బీపీ మళ్లీ చూశాం. నోరు కాస్త తడి అయింది, బీపీ మాత్రం అంతే పడుతోంది.

గ్యాస్ మాత్రలో కలిపి ఉన్న లెవోసల్పిరైడ్ అనే కడుపు కదలిక మందు కూడా ఆపాం. మన దగ్గర ఎసిడిటీ మందుతో కలిపి ఒకే క్యాప్సూల్‌గా ఇది విరివిగా రాస్తున్నారు. ఆమెకు నెలసరి ఆగి మూడు నెలలైంది, ఆపరేషన్ ఫెయిలైందేమోనని ఇంట్లో దిగులు. పాలు పట్టించే హార్మోన్ ప్రొలాక్టిన్ ఎక్కువైతే నెలసరి ఆగుతుంది; అది చూస్తే బాగా ఎక్కువగా ఉంది. బరువు తగ్గడం వల్ల కూడా నెలసరి ఆగవచ్చు, కానీ ప్రొలాక్టిన్ పెంచింది ఈ మందే. మందు ఆపాక అది దిగివచ్చింది.

అడ్డం లేదని తేల్చుకోవడం తర్వాతి పని. మన ప్రాంతంలో పేగు టీబీని మర్చిపోకూడదు. ఇంత సన్నబడిన మనిషిలో కొవ్వు కరిగి పెద్ద రక్తనాళాల మధ్య డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) నలిగిపోయే అవకాశం కూడా ఉంది. కాంట్రాస్ట్‌తో సీటీ తీస్తే రెండూ లేవు. ఛాతీ సీటీ విడిగా తీయించాం. ఊపిరితిత్తుల స్మాల్ సెల్ క్యాన్సర్, ఛాతీలోని థైమస్ గ్రంథిలో వచ్చే థైమోమా లాంటి గడ్డలు పైకి కనిపించకముందే నరాల మీద ఇమ్యూన్ దాడి రేపగలవు. ఛాతీ శుభ్రంగా ఉంది. ఉదయం కార్టిసాల్ తప్పక చూడాలనుకున్నాం. వాంతులు, బరువు తగ్గడం, తక్కువ బీపీ కలిసి వస్తే అడ్రినల్ గ్రంథులు చెడి కార్టిసాల్ హార్మోన్ తగ్గే అడిసన్స్ జబ్బు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. అది నార్మల్. షుగరు, థైరాయిడ్, కాల్షియం, హెచ్‌ఐవీ, జాగ్రెన్స్ (నోరు, కళ్లు ఎండిపోయే ఇమ్యూన్ జబ్బు), స్క్లీరోడెర్మా పరీక్షల్లో ఏమీ దొరకలేదు.

కడుపు ఎంత సేపట్లో ఖాళీ అవుతుందో తెలియాలంటే నాలుగు గంటల న్యూక్లియర్ స్కాన్ కావాలి. గుడ్డు తెల్లసొన, బ్రెడ్, జామ్‌లో టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కొద్దిగా కలిపి తినిపించి గంట గంటకూ ఎంత మిగిలిందో చూస్తారు. రెండు గంటలకు 60 శాతం కంటే ఎక్కువ కానీ, నాలుగు గంటలకు 10 శాతం కంటే ఎక్కువ కానీ మిగిలితే ఆలస్యమని అర్థం. ఆమెకు రెండు గంటలకు 78 శాతం, నాలుగు గంటలకు 46 శాతం మిగిలింది. రెండు గంటలకే ఆపేసే స్కాన్‌లను నేను నమ్మను, నాలుగో గంట అంకెలోనే జబ్బు తీవ్రత తెలుస్తుంది.

చెమట పరీక్ష వార్డులోనే చేశాం. వీపు మీద అయోడిన్ పూసి, ఆరాక పొడి గంజిపిండి చల్లి, వేడి గదిలో కూర్చోబెడితే చెమట పట్టిన చోట పిండి ముదురు నీలం అవుతుంది. చెమట పట్టని మనిషికి ఒళ్లు త్వరగా కాగుతుంది కాబట్టి టెంపరేచర్ చూస్తూనే ఉన్నాం. చంకల దగ్గర కొద్దిగా నీలం, మిగతా వీపంతా చల్లిన పిండి చల్లినట్టే తెల్లగా ఉంది.

ఏం ప్రయత్నించాం, ఏది పనిచేయలేదు

మొదట తిండి. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ నెయ్యి, గుడ్లు, గోంగూర పెట్టి బలం తేవాలని చూస్తున్నారు. కొవ్వు, పీచు రెండూ ఇలాంటి కడుపును ఇంకా నెమ్మదిస్తాయి. ద్రవాలు మాత్రం గట్టి పదార్థాల కంటే తేలిగ్గా దిగిపోతాయి. కాబట్టి పప్పుకట్టు, వడకట్టిన రాగి జావ, మెత్తగా మిక్సీ పట్టిన అన్నం, మజ్జిగ, రోజుకు ఆరేడుసార్లు గిన్నెడు చొప్పున పెట్టమన్నాం. వాంతులు తగ్గాయి, బరువు పెరగలేదు.

ఈసీజీలో క్యూటీ (గుండె లయకు ప్రమాదం ఉందో లేదో చెప్పే కొలత) చూసి, కడుపును కదిలించే డోంపెరిడోన్ 10 మి.గ్రా. మూడు పూటలా ఇచ్చాం. వికారం కొంత తగ్గింది. దాన్ని ఆపి ఎరిత్రోమైసిన్ తక్కువ డోసులో ఇస్తే మొదటి వారం అద్భుతంగా పనిచేసింది, తర్వాత ఏమీ లేదు. ఈ మందు కడుపును కదిలించేది మోటిలిన్ అనే హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్ల ద్వారా; అవి దానికి అలవాటు పడిపోతాయి, ఇది ఊహించినదే. రెండూ కలిపి ఇవ్వకూడదు, గుండె లయ ప్రమాదంలో పడుతుంది. మెటోక్లోప్రమైడ్ ఇవ్వలేదు. అప్పటికే నెలల తరబడి లెవోసల్పిరైడ్ తిన్న మనిషికి అదే జాతి మందు మళ్లీ ఇస్తే ముఖం, నాలుక వాటంతటవే కదిలే సమస్య రావచ్చని నా భయం.

పైలోరస్ కండరాన్ని ఎండోస్కోపీతో కోసే జీపోయమ్ గురించి కుటుంబం అడిగింది, ఎవరో చెప్పారట. ద్వారం వెడల్పు చేస్తే కొందరికి మేలు జరుగుతుంది. అయితే ఇక్కడ చెడింది ద్వారం ఒక్కటే కాదు. నరాలు కోలుకునే అవకాశం ఉండగా, వెనక్కి తీసుకోలేని కోత ముందే పెట్టడం సరైనది కాదని చెప్పాను.

పోషణ ఆగలేదు. ముక్కు ద్వారా చిన్నపేగులోకి ట్యూబు వేసి ఫీడ్ మొదలుపెట్టాం. ముందుగా థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చి, ఫాస్ఫేట్, పొటాషియం రోజూ చూస్తూ నెమ్మదిగా పెంచాం. నెలల తరబడి వాంతులైన మనిషికి థయమిన్ లేకుండా గ్లూకోజ్ సెలైన్ ఎక్కించడం మెదడుకు ప్రమాదం. మన ఊళ్లలో ఇది రోజూ జరుగుతోంది, ఇది చదివే డాక్టర్లు దయచేసి ఆపించాలి.

బీపీకి ఉప్పు, నీళ్లు, నడుముకు బిగుతైన పట్టీ. బీపీ పెంచే మిడోడ్రిన్ ఇవ్వవచ్చు, కానీ మూత్రం పోసిన తర్వాత కూడా మూత్రాశయంలో 180 మి.లీ. మిగులుతోంది, ఆ మందు దాన్ని ఇంకా నిలబెట్టేస్తుంది. అందుకే పైరిడోస్టిగ్మిన్ ఎంచుకున్నాం. కూడలిలో ఎసిటైల్‌కోలిన్ కాస్త ఎక్కువసేపు నిలిచేలా చేస్తుంది కాబట్టి బీపీకి, పేగుకు, లాలాజలానికి ఒకే మందు. 30 మి.గ్రా.తో మొదలుపెట్టి 60కి పెంచాం. మలబద్ధకం తగ్గింది, ముద్ద మింగడం తేలికైంది. కడుపు మాత్రం పెద్దగా కదల్లేదు.

ఏది పనిచేసింది

గాంగ్లియాన్ రిసెప్టర్ మీద దాడి చేసే యాంటీబాడీ (రోగనిరోధక ప్రోటీన్) ఉందేమోనని రక్తం బయటి ల్యాబుకు పంపాం. ఈ యాంటీబాడీకి, ఆటోఇమ్యూన్ అటానమిక్ గాంగ్లియోనోపతీ అనే ఇలాంటి అటానమిక్ జబ్బుకు ఉన్న సంబంధాన్ని 2000లో అమెరికాలోని మయో క్లినిక్ పరిశోధకులు ప్రచురించారు. వారాల తర్వాత రిపోర్టు వచ్చింది: నెగెటివ్. క్యాన్సర్ సంబంధిత యాంటీబాడీలూ నెగెటివ్.

ఇక్కడ ఆగిపోవచ్చు. నేను ఆగకపోవడానికి కారణాలున్నాయి. ఈ జబ్బు లక్షణాలున్నవాళ్లలో దాదాపు సగం మందికి ఆ యాంటీబాడీ దొరకదు. జ్వరం తర్వాత వారాల్లోనే మొదలవడం, అన్ని అటానమిక్ పనులూ ఒకేసారి చెడటం, మరో కారణం దొరకకపోవడం ఇమ్యూన్ దాడి వైపే చూపిస్తున్నాయి. 2014లో మయో బృందమే, ఇమ్యూన్ కారణం ఉందని అనుమానించిన 23 మంది కడుపు, పేగు కదలిక రోగులకు ఇమ్యూన్ చికిత్స ఇచ్చి చూస్తే 17 మంది మెరుగుపడ్డారు. పోల్చడానికి చికిత్స ఇవ్వని గుంపు లేదు కాబట్టి ఆ అంకెను జాగ్రత్తగానే తీసుకోవాలి. అయినా చికిత్సనే పరీక్షగా వాడటమనే వాళ్ల పద్ధతి నాకు నచ్చింది.

ఐవీఐజీయా (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను నరంలోకి ఎక్కించడం), స్టెరాయిడా? ఐవీఐజీ అయితే ఇన్ఫెక్షన్ల భయం తక్కువ, ఖర్చు మాత్రం ఆ కుటుంబం పొలం అమ్మినా తీరేది కాదు. యాంటీబాడీ నెగెటివ్‌గా ఉండి, కాళ్ల మంటల్లాంటి స్పర్శ లక్షణాలు కూడా ఉన్న కొద్దిమందిలో ఐవీఐజీ కంటే స్టెరాయిడే పనిచేసిందని రిపోర్టులున్నాయి. రెండు కారణాలూ ఒకే వైపు తూగాయి. న్యూరాలజిస్టుతో కూర్చుని మాట్లాడుకుని మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఎంచుకున్నాం: మూడు రోజులు రోజుకు 1 గ్రాము, తర్వాత వారానికి 1 గ్రాము, 12 వారాలు. ముందుగా టీబీ, హెపటైటిస్ బి పరీక్షలు చేశాం. పొలంలో చెప్పుల్లేకుండా నడిచే మనిషి కాబట్టి స్ట్రాంజిలాయిడిస్ పురుగులకు ఐవర్‌మెక్టిన్ ఇచ్చాం. స్టెరాయిడ్ కింద ఆ పురుగు ప్రాణం మీదికి తెస్తుంది.

స్టెరాయిడ్‌తో ఒక మోసం ఉంది. ఎవరికిచ్చినా ఆకలి పెరుగుతుంది, హుషారు వస్తుంది, బీపీ కాస్త లేస్తుంది. "బాగుందండీ" అన్న మాటను బట్టి నిర్ణయిస్తే తప్పుదారి పడతాం. అందుకని మొదలుపెట్టకముందే ఫైలులో రాసుకున్నాం: నాలుగు గంటల స్కాన్, నిలబడితే బీపీ ఎంత పడుతోంది, చెమట పరీక్ష. ఈ మూడింటిలో కనీసం రెండు మారితేనే కొనసాగిస్తాం, లేకపోతే ఆపేస్తాం. ఆ వారాల్లో మిగతా మందుల డోసులు మార్చలేదు.

అనుకున్నట్టే మొదటి రెండు వారాలు ఆకలి పెరిగింది, వాంతులు అలాగే ఉన్నాయి. తిందామంటే దిగక ఆమె మరీ బాధపడింది. నాలుగో వారంలో చెమట వచ్చింది. జాకెట్టు వీపు దగ్గర తడిసిందని ఫోన్ చేసి మరీ చెప్పారు. పిండి పరీక్ష మళ్లీ చేస్తే వీపు పైసగం ముదురు నీలం. తర్వాత వాంతులు తగ్గుతూ వచ్చి, ఎనిమిదో వారానికి ట్యూబు తీసేశాం. 12 వారాల తర్వాత స్కాన్‌లో నాలుగు గంటలకు మిగిలింది 18 శాతం. నిలబడితే బీపీ 14 మాత్రమే పడింది. బరువు 47 కేజీలు.

ఇంజెక్షన్లను వారానికి బదులు నెలకొకసారికి తగ్గించాక మూడో నెలలో పొద్దుటి తిండి మళ్లీ రాత్రి రావడం మొదలైంది, చెమట తగ్గింది. తిరిగి వారానికి ఒకటి చేస్తే రెండూ సర్దుకున్నాయి. అది ఆమెకు కష్టమైన నెల, కానీ నాకున్న చివరి సందేహం తీరింది: మందుతో పాటు తగ్గి, మందుతో పాటు తిరిగొచ్చేది దానంతట అదే నయమవుతున్న వైరల్ జబ్బు కాదు. స్టెరాయిడ్ మీద ఏళ్లు నడపలేం కాబట్టి రోగనిరోధక శక్తిని అణిచే మైకోఫినోలేట్ జతచేసి ఇంజెక్షన్లను క్రమంగా మాన్పించాం. గర్భంలో బిడ్డకు హాని చేసే మందు ఇది. ఆపరేషన్ అయిన మనిషి కాబట్టి ఆ నిర్ణయం కొంత తేలికైంది.

నేర్చుకోవాల్సినవి

తగ్గని వాంతులతో వచ్చిన ప్రతి మనిషినీ పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ, నాడి చూడాలి. బీపీ మిషన్, ఐదు నిమిషాల ఓపిక చాలు. చెమట, నోటి తడి, మూత్రం గురించి మనమే అడగాలి, వాళ్లు చెప్పరు. ఎండోస్కోపీ నార్మల్ అంటే లోపలి పొర నార్మల్ అని మాత్రమే. కడుపు కదులుతోందో లేదో అది చెప్పదు. ఖాళీ కడుపులో ఆహారం మిగిలి ఉందన్న లైన్ కనిపిస్తే అదే అసలు రిపోర్టు అనుకోవాలి.

మనసు జబ్బు అని రాసే ముందు ఆ రాతకు ఎంత బరువుందో తలుచుకోవాలి. ఆమె విషయంలో ఆ మాట వల్ల ఇంట్లో విలువ పోయింది, పైగా ఆ మాటతో వచ్చిన మాత్ర కడుపును ఇంకా ఆపింది.

ఇమ్యూన్ చికిత్సను చివరి ఆశగా అందరికీ ఇవ్వకూడదు. చాలా ఏళ్ల షుగర్ ఉన్నవారికో, ఏళ్ల తరబడి మెల్లగా పెరిగినవారికో, కడుపు తప్ప మరేదీ చెడనివారికో నేను ఇది మొదలుపెట్టను. వారాల్లో ముదిరి, అటానమిక్ పనులు కలిసి చెడి, మిగతా కారణాలు తేలిపోయినప్పుడే, కొలతలు ముందే రాసుకుని, గడువు పెట్టుకుని ఇవ్వాలి.

ప్రస్తుతం ఆమె బరువు 50 కేజీలు. వేపుళ్లు, చిక్కుడు, గోంగూర ఇంకా పడవు, అన్నం మెత్తగా, కొద్దికొద్దిగా తింటోంది. పైరిడోస్టిగ్మిన్, మైకోఫినోలేట్ నడుస్తున్నాయి, రక్తకణాలు నెలనెలా చూస్తున్నాం. ఛాతీ సీటీ మరోసారి తీశాం, శుభ్రంగానే ఉంది. ఇదే స్థితి రెండేళ్లు నిలిస్తే ముందుగా స్కాన్ చేసి, ఆ అంకెను బట్టి మైకోఫినోలేట్‌ను తగ్గించాలా వద్దా అన్నది న్యూరాలజిస్టు, నేను, ఆమె కుటుంబం కూర్చుని తేల్చుకుంటాం.